విసురులోనే ఉంది

పెద్ద వయసులో యోయో కొనుక్కున్న మనిషిని చూసి ఇంట్లోవాళ్లు మొదట నవ్వుతారు, తర్వాత చూసీచూడనట్టు ఊరుకుంటారు, ట్యూబ్‌లైటు పగిలాక మేడ మీదికి తరుముతారు. మా ఇంట్లోనూ ఈ వరస తప్పలేదు. మా అమ్మ ఒక్కతే సంగతేమిటో తెలుసుకుందామనుకుంది. కళ్లజోడు సవరించుకుని, నా చేతిలోని వస్తువును అటూ ఇటూ తిప్పి చూసి, "బొంగరమేగా?" అంది.

"అలాంటిదే అమ్మా. కాకపోతే ఇది తాడు వదలదు."

"తాడు వదలకపోతే తిరిగేదెట్లారా?"

తెనాలి వీధుల్లో బొంగరాలు తిప్పే పిల్లల్ని ఏళ్ల తరబడి చూసిన మనిషి అడిగిన ప్రశ్న అది. బొంగరానికి తాడు విసిరేదాకానే. తాడు ఊడిపోయాకే దాని బతుకు మొదలవుతుంది. మరి తాడుకు కట్టేసిన వస్తువు స్వేచ్ఛగా ఎట్లా తిరుగుతుంది? నిజంగా ముడేసి కట్టేస్తే తిరగదు. తిరునాళ్లలో అమ్మే ప్లాస్టిక్ యోయోని చూడండి. రెండు బిళ్లలు, మధ్యలో ఇరుసు, ఇరుసుకు గట్టిగా ముడేసిన దారం. వదిలితే కిందికి పోతుంది, దారం అయిపోగానే పైకి వస్తుంది. అంతకుమించి దానికేమీ చేతకాదు. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దానికి చెందిన గ్రీకు పాత్ర మీద ఒక కుర్రాడు ఇలాంటిదే ఆడుతూ కనిపిస్తాడు. 18వ శతాబ్దపు రాజస్థానీ చిత్రంలో ఒక స్త్రీ చేతిలోనూ ఉంది. ఫ్రెంచి విప్లవ కాలంలో ప్రభువుల ఇళ్లలో ఇదొక వేడుక.

మార్పు దారం కొసలో వచ్చింది. 1928లో పెడ్రో ఫ్లోరెస్ అనే ఫిలిప్పీన్స్ వలసదారు అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో యోయోల తయారీ మొదలుపెట్టాడు. వాటిలో దారాన్ని ఇరుసుకు ముడెయ్యలేదు. ఒకటే పొడుగాటి దారాన్ని సగానికి మడిచి, రెండు పేటలూ మెలిపెట్టి, మడత దగ్గర మిగిలే కంతలో ఇరుసును కూర్చోబెట్టారు. ఫిలిప్పీన్స్‌లో ఆడే పద్ధతే అది. దారం చివరికి చేరిన యోయో ఇప్పుడు వెంటనే వెనక్కి రాదు. ఆ కంతలో ఇరుసు జారుతూ, ఉన్నచోటే గిరగిర తిరుగుతూ ఉంటుంది. దాన్ని స్లీపర్ అంటారు, అంటే యోయో నిద్రపోతోందన్నమాట. చిన్న గుంజు గుంజితే లేచి చేతికొస్తుంది. తర్వాత డొనాల్డ్ డంకన్ అనే వ్యాపారి ఆ కంపెనీని కొనుక్కుని, ఫిలిప్పీన్స్ యువకుల్ని ఊరూరా పంపి దుకాణాల ముందు ఆడించాడు. వాళ్లు విద్యలు చూపించి, కొనుక్కున్న పిల్లల యోయోల మీద చాకుతో కొబ్బరిచెట్లు చెక్కి ఇచ్చేవాళ్లు. జనం ఆ చేతుల్ని చూసి ముగ్ధులయ్యారు. చేతుల్లోని ఆ మాయ అంతా మొదట ఇరుసు చుట్టూ ఉన్న కంతలో పుట్టిందని చూసేవాళ్లలో ఎందరు గమనించారో!

అక్కణ్ణుంచి ఈ ఆట పెరిగిందంతా నిద్రను పొడిగించడంలోనే. శాన్‌ఫ్రాన్సిస్కోలో టామ్ కూన్ అనే దంతవైద్యుడు 1990లో అల్యూమినియం యోయోకి బాల్ బేరింగ్ అమర్చాడు. ఇరుసుకూ దారానికీ మధ్య రాపిడి దాదాపు పోయింది. క్షణాల నిద్ర నిమిషాల్లోకి వెళ్లింది. ఆ తర్వాత రెండు బిళ్లల మధ్య సందును వెడల్పు చేశారు. ఈనాటి లోహపు యోయోలో ఆ సందు నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటుంది. ఇలాంటిది గుంజితే రాదు. దారాన్ని చిన్న మడతగా సందులోకి తోస్తే ఆ మడత లోపల పట్టుకుని, అప్పుడు చుట్టుకుంటూ పైకి వస్తుంది. దీని పేరు బైండ్. ఇది తెలియక, కొత్త యోయో పాడైపోయిందనుకుని వాపసు పంపేసేవాళ్లు కొందరు.

ఒక్క సంగతి మాత్రం 1928 నుంచీ మారలేదు. యోయో నిద్రపోవాలంటే దాన్నేదో కిందికి లాగుతూ ఉండాలి. 1985 ఏప్రిల్‌లో డిస్కవరీ వ్యోమనౌకలో కొన్ని ఆటబొమ్మలతో పాటు ఒక యోయో కూడా అంతరిక్షానికి వెళ్లింది. అక్కడ అది నిద్రపోలేదు. దారం చివరికి చేరడం, వెంటనే వెనక్కి రావడం, అంతే. భూమి మీద దాని బరువే దాన్ని దారం కొసన నిలబెడుతుంది. అక్కడ ఆ బరువు లేదు.

ఇంత చరిత్ర చెప్పింది ఒక ట్రిక్కు గురించి మాట్లాడటానికి. దాని పేరు ఈలై హాప్స్. ఈలై అనే ఆటగాడి పేరు మీద వచ్చింది. ఆరితేరినవాళ్లకు ఇది మధ్యరకం విద్య. ఉత్త స్లీపర్ మాత్రమే చేతనైనవాడికి ఇది కొండ. దీనికి ముందు ట్రపీజ్ రావాలి. యోయోని కిందికి కాకుండా పక్కకు, కండ చూపిస్తున్నట్టు మడిచిన చేతిలోంచి బయటికి విసరాలి. అది మన ముందు నుంచి అర్ధచంద్రంగా రెండో వైపుకి వస్తుంది. అక్కడ ఎడమచేతి చూపుడువేలు దారానికి అడ్డం పెడితే, యోయో ఆ వేలి చుట్టూ తిరిగి, పైనుంచి వచ్చి, తన దారం మీద తానే దిగుతుంది. సర్కస్‌లో ఊయల పట్టుకుని వేలాడే మనిషి నుంచి దానికా పేరు. నాలుగైదు మిల్లీమీటర్ల సందు, మిల్లీమీటరు మందం దారం. ఆ దారం ఆ సందులో పడాలి.

ఇది కుదిరాక అసలు విద్య. దారం మీద కూర్చుని తిరుగుతున్న యోయో ఉంది. రెండు చేతులనూ ఒక్కసారి దూరంగా లాగాలి. దారం బిగిసి యోయోని పైకి ఎగరేస్తుంది. అది గాలిలోకి లేచిన క్షణానే చేతులు దగ్గరికి రావాలి, లేకపోతే యోయోతో పాటు పైకి పోవాల్సిన దారం దాన్ని మధ్యలో పట్టి గుంజేస్తుంది. అది పైకి పోయి, ఆగి, కిందికి తిరుగుతుంది. ఇప్పుడు మళ్లీ చేతులు విడిపోయి దారాన్ని దాని కింద పరవాలి. అదే దారం, అదే సందు. దిగిందా, మళ్లీ ఎగరెయ్యి. బాగా వచ్చినవాడి చేతుల్లో యోయో తలను దాటి లేచి, గీత గీసినట్టు కిందికి వచ్చి దారం మీద వాలుతుంది. చూసేవాళ్లకు యోయో ఎగురుతున్నట్టుంటుంది. నిజానికి పని ఎక్కువగా చేసేది దారం.

వీడియోల్లో దీన్ని చిటికెలో చెప్పేస్తారు. అర్థం కావడానికి అంతే పడుతుంది. ఆ తర్వాత మేడ మీద వారాలు గడుస్తాయి. నాకు ట్రపీజ్ వచ్చింది, ఎగరడమూ వచ్చింది, దిగడం మాత్రం రాలేదు. యోయో ప్రతిసారీ దారానికి అరంగుళం పక్కన పడి, మోకాలికి తగిలి, వేలికి దారం చుట్టుకుని, వేలు నీలంగా మారేది. పడేది దిగేటప్పుడు కాబట్టి దిగడాన్నే సరిచేస్తూ పోయాను. చేతులు ఇంకాస్త ముందుగా విప్పాను, ఆలస్యంగా విప్పాను. తక్కువ ఎత్తుకు ఎగరేశాను. కుడిచెయ్యి కిందికి దించాను. ఒక్కోసారి ఏదో కుదిరినట్టే ఉండేది. మర్నాటికి ఆ కుదురు పోయేది.

మా అమ్మాయి ఫోనులో తీసిన వీడియోని నెమ్మదిగా తిప్పి చూపించింది. "నాన్నా, నువ్వు పడ్డచోటే చూస్తున్నావు. అది ఎగరకముందే ఒరిగి ఉంది చూడు" అంది.

ఉంది. దారం మీద నిటారుగా కూర్చోవాల్సిన యోయో, ఎగరకముందే ఒక పక్కకు వాలి ఉంది. వాలిన వస్తువును ఎంత చక్కగా ఎగరేసినా వాలుగానే పైకి పోతుంది, వాలుగానే కిందికి వస్తుంది. దిగేచోట నేను చేతులతో పడిన పాట్లన్నీ, అప్పటికే జరిగిపోయిన దానికి మందు రాయడం.

ఇంకాస్త వెనక్కి తిప్పాం. ట్రపీజ్‌లో దిగినప్పుడే వాలి ఉంది. పైగా వేలికి చాలా దూరంగా దిగుతోంది. వేలికి దగ్గరగా దిగితే ఊగడానికి చోటుండదు. దూరంగా దిగితే దారం లోలకమై అటూ ఇటూ ఊపుతుంది. ఇంకా వెనక్కి తిప్పితే, పక్కకు విసిరినప్పుడు యోయో వచ్చిన దారి నా ఛాతీకి సమాంతరంగా లేదు, ఏటవాలుగా నా మీదికి వస్తోంది. మరింత వెనక్కి వెళ్తే, విసిరే క్షణంలో మణికట్టు లోపలికి తిరిగి ఉంది. అరచెయ్యి ఎటు తిరిగితే యోయో ఇరుసు అటు ఒరుగుతుంది. ఆఖరికి ఆ మణికట్టు ఎందుకు తిరిగిందని చూస్తే, దారం ఉచ్చు మధ్యవేలికి ఉండాల్సిన మొదటి రెండు కణుపుల మధ్య కాకుండా వేలి మొదట్లోకి జారిపోయి ఉంది. అక్కడ దారం నొక్కుతుంటే చెయ్యి తెలియకుండానే పక్కకు తిరిగి సర్దుకుంటోంది.

పడింది దారం పక్కన. తప్పు జరిగింది వేలి కణుపు దగ్గర. మధ్యలో నాలుగు మజిలీలు. ఏ మజిలీలోనూ తప్పు తన పేరు చెప్పుకోలేదు.

ఎందుకు చెప్పుకోలేదన్నది ఈ ఆటలో నాకు అన్నిటికంటే బాగా నచ్చిన సంగతి. వేగంగా తిరిగే వస్తువు తన ఇరుసు దిశను అంత తేలిగ్గా మార్చుకోదు. బొంగరం నిలబడేది అందుకే, సైకిలు చక్రాన్ని ఇరుసు పట్టుకుని తిప్పితే మన చేతికి ఎదురు తిరిగేదీ అందుకే. నిటారుగా విసిరిన యోయోని ఆ తిరుగుడు నిటారుగా ఉంచుతుంది. వంకరగా విసిరితే ఆ వంకరనూ అంతే నమ్మకంగా కాపాడుతుంది. మొదట్లో వేగం ఎక్కువ, వాలు తక్కువ. కంటికి ఆనదు. తర్వాత దారం ఒక పక్క బిళ్లకు రాసుకోవడం మొదలవుతుంది. ఆ రాపిడికి వేగం తగ్గుతుంది, యోయో మెల్లగా ఒక వైపుకి తిరగడం మొదలుపెడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఆట మధ్యలో చిన్న చిన్న అడుగులేస్తూ పక్కకు తిరగడం చూస్తే అది నాట్యమనుకుంటాం. యోయో తిరిగిన వైపుకి వాళ్లూ తిరుగుతున్నారు, అంతే. అలా సర్దుకునే నేర్పు లేనివాడికి, విసురులో పడ్డ వెంట్రుకవాసి వంకర, కాసేపటి తర్వాత ఎగరేసేచోట అంగుళమై బయటపడుతుంది.

దారంలోనూ ఇదే కథ. మెలిపెట్టిన దారం కదా, ఒక్కో విసురుకీ దాని మెలి కొద్దికొద్దిగా బిగుస్తూనో వదులవుతూనో ఉంటుంది. ఒక్క విసురులో తేడా తెలియదు. గంటసేపు ఆడాక యోయో గాలిలో ఉన్నప్పుడు కిందనున్న దారం తిన్నగా ఉండకుండా ఉంగరాలు తిరుగుతుంది. ఆ ఉంగరంలో యోయో ఎలా దిగుతుంది? ఆ గంటలో ఏ విసురు దోషి? అన్నీ కొంచెం కొంచెం. దీనికి విరుగుడు మాత్రం చాలా తేలిక. దారాన్ని వేలి నుంచి తీసి, యోయోని పట్టుకుని దారాన్ని వేలాడదీస్తే అది తనంతట తానే గిరగిర తిరిగి సర్దుకుంటుంది. విరుగుడు తేలిక, గుర్తుకు రావడమే కష్టం. తప్పు దిగేచోట ఉందని నమ్మినవాడు దారం వంక చూడడు.

ఈ సంగతి నాకు కొత్త కాకూడదు. మా పెద్దమ్మ తెనాలిలో చాలా కాలం వీణ నేర్పింది. వర్ణం దాకా వచ్చిన పిల్లలు ఆవిడ దగ్గర చాలామంది ఉండేవాళ్లు. వర్ణాన్ని మొదటి కాలంలో చక్కగా వాయించి, రెండో కాలంలోకి రాగానే ఒక చోట తడబడేవాళ్లు. ఇంకో టీచరైతే ఆ ఒక్క చోటునే పదిసార్లు వాయించమంటుంది. పెద్దమ్మ వర్ణం ఆపించేసి, "జంటస్వరాలు వాయించు" అనేది. పిల్లలకు అది శిక్ష. ఎప్పుడో దాటొచ్చేసిన పాఠం. సరళీ స్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, స్వరజతి, ఆపైన వర్ణం. ఇన్ని మెట్లెక్కాక మళ్లీ రెండో మెట్టుకా? మొహం ముడుచుకుని వాయించేవాళ్లు. జంటల్లో రెండో స్వరం మీద పడాల్సిన ఊనిక పడేది కాదు. వేళ్లు దాన్ని దొంగతనంగా దాటేసేవి. నెమ్మదిగా వాయించినంత కాలం ఆ దొంగతనం చెవికి దొరకలేదు. వేగం పెరిగాక దొరికింది. అప్పుడు పెద్దమ్మ అనే మాట ఒకటుంది: "నువ్వు తడబడింది ఇప్పుడు కాదమ్మా, రెండేళ్ల కింద."

ఆ మాట అప్పట్లో నాకు వెటకారంలా వినిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఎంత దయ ఉందో తెలుస్తోంది. నీకు వర్ణం రాదు అనలేదావిడ. నీకు వర్ణం వచ్చు, వెనక ఒక ముడి ఉంది, విప్పుకుని రా అంది.

మన చుట్టూ ఇలా విప్పని ముడులు చాలా ఉంటాయి. తొమ్మిదో తరగతి పిల్లవాడికి బీజగణితంలో మార్కులు రాకపోతే ట్యూషన్ మాస్టారిని మారుస్తాం. ఆ మాస్టారు బీజగణితాన్నే మళ్లీ మొదటి నుంచి చెబుతాడు. వాడికి రానిది బీజగణితం కాదు, అయిదో తరగతిలో వదిలేసిన భిన్నాలు. హారంలో అక్షరం కనబడగానే వాడి చెయ్యి ఆగిపోతుంది. క్రికెట్‌లో నోబాల్ పడేది గీత దగ్గర. దాన్ని సరిచెయ్యాలంటే బౌలరు గీత దగ్గర కాలు కుదించుకోకూడదు, పరుగు మొదలుపెట్టే గుర్తును జరపాలి. పిక్కలోకి దిగే నొప్పితో వెళ్తే డాక్టరు నడుము నొక్కి చూస్తాడు, ఎందుకంటే అక్కడ నొక్కుకుపోయిన నరం కాలిలో కేకలు పెడుతుంది. నొప్పి చోటు ఒకటి, జబ్బు చోటు ఇంకొకటి. వైద్యుడు చేస్తే దీన్ని పరిజ్ఞానమంటాం. మన పనుల్లో మాత్రం నొప్పి ఉన్నచోటే తైలం రుద్దుతూ కూర్చుంటాం. అక్కడ తప్పు కనిపిస్తోంది కాబట్టి, ఆ చోట ఏదైనా చేస్తే చేసినట్టు ఉంటుంది కాబట్టి.

అయితే వెనక్కి వెళ్లడంలోనూ ఒక ప్రమాదం ఉంది. ఎంత వెనక్కి వెళ్లాలి? వేలి కణుపు దగ్గర ఉచ్చు జారిందని తేలింది. అదెందుకు జారింది? ఉచ్చు వదులుగా ఉంది. ఎందుకు వదులు? దారం పాతది. దారం ఎందుకు మార్చలేదు? బద్ధకం. బద్ధకం ఎక్కణ్ణుంచి వచ్చింది? మా నాన్నగారి నుంచి. ఆయనకు? ఇలా తవ్వుకుంటూ పోతే యోయో పడిపోవడానికి కారణం మా ముత్తాత అవుతాడు. మనవాళ్లకు ఈ తవ్వకం బాగా అలవాటు. పెళ్లి కుదరకపోతే జాతకం, వ్యాపారం నడవకపోతే వాస్తు, పిల్లవాడు చదవకపోతే మేనమామ పోలిక. ఇవీ వెనక్కి వెళ్లడాలే. కానీ ఇక్కడ వెనక్కి వెళ్లేది పని సరిచేసుకోవడానికి కాదు, చేతులు దులుపుకోవడానికి.

నా వరకూ ఈ నెపం వస్తువు రూపంలో వచ్చింది. నా యోయో మంచిది కాదేమో, బేరింగ్ అరిగిందేమో, ఛాంపియన్లు వాడే లోహపుది కొంటే వచ్చేస్తుందేమో అనిపించింది. కొన్నాను కూడా. దాని నిద్ర పొడవు, ఎక్కువసేపు తిరుగుతుంది, తప్పుల్ని ఇంకొంత ఓర్చుకుంటుంది. కానీ మణికట్టు తిరిగి ఉన్నంత కాలం ఆ ఖరీదైన యోయో కూడా వాలుగానే ఎగిరి వాలుగానే దిగింది. మంచి వస్తువు మన వంకరను దిద్దదు. ఆ వంకరనే మరింత సేపు, మరింత మెరుపుతో చూపిస్తుంది.

అందుకే మా పెద్దమ్మ ఎక్కడ ఆగేదో మళ్లీ గుర్తు చేసుకుంటాను. వర్ణం నుంచి జంటస్వరాలకు వెళ్లేది, ఇంకా అవసరమైతే సరళీ స్వరాలకు వెళ్లేది. అక్కడితో ఆగేది. ఇంకా వెనక్కి పోయి, నీకు స్వరజ్ఞానం లేదనో, మీ ఇంట్లో ఎవరికీ సంగీతం రాదనో ఆవిడ ఏనాడూ అనలేదు. సరళీ స్వరాలు చేతితో మార్చుకోగలిగినవి. వంశం మార్చుకోగలిగింది కాదు. చెయ్యి అందే చోటు దాకా వెళ్లాలి, చెయ్యి అందని చోటుకు ముందే ఆగాలి. కారణం వెతకడానికీ నెపం వెతకడానికీ నాకు దొరికిన తేడా ఇదొక్కటే.

వెతకడానికి వేళ కూడా ఉంటుంది. ప్రపంచ యోయో పోటీల్లో ఫైనల్ ఆట మూడు నిమిషాలు. సంగీతం మోగుతుంటే ఆటగాడు తన విద్యలన్నీ వరసగా అల్లుకుంటూ పోతాడు. 2014లో ప్రాగ్‌లో జరిగిన పోటీలో అమెరికా కుర్రాడు జెంట్రీ స్టెయిన్ ఒంటి యోయో దారపు విభాగంలో గెలిచిన ఆట ఇప్పటికీ వీడియోలో చూడొచ్చు. వేలు చూడకుండా యోయోనే చూస్తే ఆ ఆట ఇంద్రజాలం. విసురుల్ని మాత్రమే చూస్తే ఒక పాఠం. ఇలాంటి పోటీల్లో ఆటగాళ్లు వేదిక మీద అదనపు యోయోలు సిద్ధంగా పెట్టుకుంటారు. మధ్యలో ముడి పడిందా, విప్పుతూ నిలబడరు. దాన్ని పక్కన పడేసి, ఇంకోటి వేలికి తగిలించుకుని, ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి ఆడతారు. ముడి ఎందుకు పడిందో ఆ మూడు నిమిషాల్లో ఎవరికీ అక్కర్లేదు. ఇంటికెళ్లాక, సాధనలో, ఆ ముడి దగ్గర్నుంచి ఒక్కో మడతా వెనక్కి విప్పుకుంటూ పోతారు. మనం చాలాసార్లు దీన్ని తిరగేసి చేస్తాం. పరీక్ష హాల్లో, ఇంటర్వ్యూలో, పెళ్లిపందిట్లో నిలబడి కారణాలు తవ్వుకుంటాం. తీరిగ్గా ఇంట్లో ఉన్నప్పుడు ఆ ఊసే ఎత్తం.

ఉచ్చు సర్ది, దారం మార్చి, మణికట్టు సరిచూసుకుని, ఈలై హాప్స్ జోలికే పోకుండా కొన్నాళ్లు వట్టి విసురు మాత్రమే సాధన చేశాను. పక్కింటి మేడ మీద బట్టలారేసే ఆవిడకు నా సంగతి మరీ అయోమయమై ఉంటుంది. ఇంతకుముందు ఏదో ఎగరేసి పడేసుకునే మనిషి, ఇప్పుడు ఎగరెయ్యడం కూడా మానేసి కిందికి విసరడం, పట్టుకోవడం, విసరడం, పట్టుకోవడం. చూడటానికి అందులో ఏమీ లేదు. విసిరినవాడికి మాత్రం ఉంది. నిటారుగా పడ్డ విసురుకి దారంలో వణుకుండదు, చప్పుడు కూడా సన్నబడుతుంది. కన్ను చూడకముందే వేలికి తెలుస్తుంది. ఆ విసురు చేతికొచ్చాక ట్రపీజ్ తానే వేలికి దగ్గరగా దిగింది. ఎగరేస్తే యోయో నిలువునా లేచింది, నిలువునా దిగింది. దిగడం గురించి నేను విడిగా నేర్చుకున్నదేమీ లేదు.

మీరూ ఈ ఆట మొదలుపెట్టాలనుకుంటే నాది ఒకటే సలహా. లోహపుది ముందే కొనకండి. గుంజితే చేతికొచ్చే మామూలు ప్లాస్టిక్ యోయో కొనండి. దారం మీ బొడ్డు దాకా ఉండేట్టు కత్తిరించుకోండి. ట్రిక్కుల వీడియోలు చూడటం మానేసి, నేరుగా కిందికి విసిరి, నిద్రపుచ్చి, వాలకుండా వెనక్కి రప్పించడం మాత్రం నేర్చుకోండి. యోయో మీకు అక్కర్లేదా, పర్వాలేదు. రేపు మీ పిల్లవాడి లెక్కలో తప్పు కనబడితే ఆ వరస మీదే గీత కొట్టి ఊరుకోకండి. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో వరసా పైకి చదువుకుంటూ వెళ్లండి. మీ చెయ్యి అందే చోటు దగ్గర ఆగి, అక్కడ దిద్దండి.